రోజుకో సాధుకారం

"సైటు మూసేయట్లేదు! నిన్న మీటింగులో తీర్మానం అయిపోయింది!"

ఫోనులో రమణమ్మగారి మాట వినగానే తాతబాబు చిన్నమ్మిని నడుం పట్టుకుని ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

"ఒలమ్మో, దించు బావా! పెనం మీద అట్టు మాడిపోతంది!"

అట్టు మాడింది. ఇద్దరూ దాన్నే చెరిసగం తిన్నారు. అంత రుచైన అట్టు కిరండూల్‌లో ఇంకెవరూ తిని ఉండరని చిన్నమ్మికి అనిపించింది.

పెళ్లయి మూడు నెలలు. అక్కడి ఇనుపగనిలో షిఫ్టు దిగి వచ్చాక తాతబాబు బౌద్ధ సంఘానికి రెండు వెబ్‌సైట్లు నడుపుతాడు. జీతం లేని పని. ఒకదాంట్లో వందన వేళలు, పౌర్ణమి కబుర్లు ఉంటాయి. రెండోది చిన్నమ్మి కాపురానికి వచ్చాక పుట్టింది.

సాయంత్రం కొండమీది మబ్బు క్వార్టర్ల దాకా దిగివచ్చే వేళకు ఆమె కిటికీ దగ్గర కూర్చుంటుంది. బుద్ధుడి మాటలు తెలుగులో చదువుతుంది. అతను రికార్డు చేసి సైటులో పెడతాడు.

ఆరేసిన తెల్లచీర ఇనుపరాతి దుమ్ముకు గులాబీరంగు తిరుగుతుంటే, చదువుతూ చదువుతూ దాన్నే చూస్తుండిపోయేది. ఒక్కోసారి మధ్యలో గూడ్సుబండి కూత పడేది.

"మళ్లీ చదవనా?"

"ఉండనీ. బండి కూడా వింటోంది."

నిజానికి వినేవాళ్లే లేరు. రోజుకు ఒక్కరు. "ఒక్కడి కోసం సైటెందుకు?" అని సంఘం పెద్దలు మూసేద్దామన్నారు.

ఆ ఒక్కడి పేరు అప్పయ్య. చదువు పెట్టిన కాసేపటికి రోజూ కింద ఒకటే రాత: "సాధు, సాధు, సాధు."

"ఇది మనిషి కాదు, మిషను," అన్నాడు తాతబాబు. "రోజూ అక్షరం తేడా లేదు. సైట్లకి ఇలాంటి దొంగ రాతలు చాలా వస్తాయి."

"విహారంలో ధర్మం విన్నాక బాగుందని మనమూ మూడుసార్లు అదే అంటాం కదేటి? మనమూ మిషన్లమేనా?"

"నువ్వయితే కాదు," అని బుగ్గ గిల్లి, ఆ రాత వచ్చే ఫోనులో సైటు తెరుచుకోకుండా అడ్డేసేశాడు.

ఆ తర్వాత పదిహేను రోజులు సాధు లేదు. తన గొంతు కిటికీలోంచి వెళ్లి మబ్బులో కలిసిపోతున్నట్టుండేది చిన్నమ్మికి.

ఫోను వచ్చిన రోజు సాయంత్రమే సంఘం అధ్యక్షురాలు రమణమ్మగారు లడ్డూల పొట్లంతో వచ్చారు.

"పెద్దల్ని ఎలా ఒప్పించారు పిన్నీ?" అంది చిన్నమ్మి.

"నానేటి ఒప్పించేది? భాన్సీ స్టేషను దగ్గర టీకొట్టు ముసలాయన ఒప్పించాడు. మూసేద్దామని అందరూ చేతులెత్తబోతుంటే లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోడు. ఏటడిగినా తన గోల తనదే."

"ఏం గోల?"

"సాయంత్రమైతే కొట్టు ముందు గ్యాంగుమన్లు, వాళ్ల ఆడోళ్లు నలభైమంది చేరతారట. ఫోను మైకుకి తగిలించి నీ చదువు పెడతాడట. అయ్యాక అందరి తరఫునా తనే సాధు రాస్తాడట. 'పదిహేనురోజులై తెరుచుకోట్లేదు. నా రాతలో తప్పేటైనా పడిందేమో, మన్నించండి. ఆళ్లకి మాత్రం ఆపకండి' అని దండం పెట్టాడు."

తాతబాబు చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది.

"ఆయన పేరు?"

"అప్పయ్య."

"ఎక్కడున్నాడు పిన్నీ ఇప్పుడు?"

"నిన్ననే బండెక్కి ఎల్లిపోయాడు."

తాతబాబు గబగబా సైటు తెరిచి అడ్డు తీశాడు. తీశాక కూడా తల ఎత్తలేదు.

"అది తీస్తే సరిపోదు బావా," అంది చిన్నమ్మి. "రేపు సెలవు పెట్టు. బస్సుకి భాన్సీ పోదాం. మన్నించమని ముందు మనం అడగాలి. ఆయన పక్కనే కూర్చుని చదువుతాను. నా గొంతు అంత ఇష్టమైన మనిషి ఒక్కసారైనా మైకు లేకుండా వినాలి."



"రేపు నానూ వస్తాను," అన్నారు రమణమ్మగారు. "కానీ పక్కన కాదమ్మీ, ఎదురుగా కూర్చో. వయసులో రాళ్లు పేల్చే పనికెళ్లి రెండు చెవులూ పోగొట్టుకున్నాడట. ఆ నలభైమంది మొహాలు చూసి సాధు రాస్తాడు."