చిరునామాలు ఎగిరిపోతే

"ఉన్నట్టుండి చిరునామాలన్నీ ఎగిరిపోయాయనుకోండి. నలభై వేలు. ముందు ఏం చేస్తారు?"

అతను కుర్చీలో కుదురుగా కూర్చోకముందే పొడుగాయన ప్రశ్న వేశాడు. పేరు అడగలేదు, మంచినీళ్లు కావాలా అనైనా అనలేదు. గుమ్మం దగ్గర తను "డేటాబేస్ ఇంటర్వ్యూకి వచ్చాను" అన్నాడో లేదో, కళ్లజోడావిడ చెయ్యి పట్టుకు లాగినంత పని చేసి ఈ గదిలోకి తీసుకొచ్చింది. పార్సిళ్లు చేరవేసే కంపెనీ. అన్నిటికీ తొందరే కాబోలు అనుకున్నాడు.

ఇరవై రెండేళ్లు డేటాబేస్‌లు చూసుకున్న మనిషి. పాత కంపెనీ మూతపడి ఏడు నెలలైంది. మూడు ఇంటర్వ్యూలు తన్నేశాయి. ఇదీ పోతే బావమరిది చెప్పుల దుకాణంలో కూర్చోవాల్సిందే. "తెలియదని మాత్రం అనకు బావా. చేసిన తప్పులు అసలే చెప్పకు" అని ఆ బావమరిదే పొద్దున గడప దాటేదాకా నూరిపోశాడు.

"ముందు ఎవరూ ఏదీ ముట్టుకోకూడదండీ. కొత్తగా ఒక్క అక్షరం కూడా అందులోకి పోకుండా ఆపెయ్యాలి. కంగారులో చేసే రెండో తప్పే కొంప ముంచుతుంది."

మూలనున్న గళ్ల చొక్కా అతను గబుక్కున లేచి పక్క గదిలోకి పరిగెత్తాడు.

అయిపోయింది, అప్పుడే వీళ్లకి మొహం మొత్తేశాను అనుకున్నాడు. కానీ గళ్ల చొక్కా రొప్పుతూ తిరిగొచ్చాడు.

"ఆపామనుకోండి. తర్వాత?"

"బ్యాకప్ ఉందా?"

"రాత్రి తీసింది ఉంది."

"అది పనిచేస్తుందో లేదో ఎప్పుడైనా చూశారా?"

"ఎప్పుడూ చూడలేదండీ," అంది కళ్లజోడావిడ.

"చూడని బ్యాకప్‌ని నమ్ముకోకూడదండీ. వేరే మిషన్‌లో ఎక్కించి చూడాలి. అసలుదాని మీద మాత్రం ఎక్కించకండి."

గళ్ల చొక్కా మళ్లీ పరుగు. పాపం, కడుపులో బాగోలేదేమో.

"మరి ఇవాళ పొద్దున వచ్చిన చిరునామాలో?" అంది కళ్లజోడావిడ, తిరిగొచ్చినతనికి దారిస్తూ.

"జరిగిన ప్రతి మార్పూ లాగ్ ఫైల్లో ఉంటుంది కదండీ. తప్పు జరిగిన నిమిషానికి ముందు వరకూ బ్యాకప్ మీద దాన్ని నడిపించి, అక్కడ ఆపాలి. ఆ నిమిషమే కచ్చితంగా తెలియాలి."

"ఎలా తెలుస్తుంది?" అన్నాడు పొడుగాయన, పళ్లు కొరుకుతూ.

"చేసినవాణ్ణి అడగాలి. తిట్టకుండా. భయపెడితే టైము తప్పు చెబుతాడు." ఆగాడు. బావమరిది మొహం కళ్లముందు మెదిలింది. అయినా చెప్పేశాడు. "నేనూ ఒకప్పుడు ఏ వరసలు చెరపాలో రాయకుండా డిలీట్ కొట్టి అన్నీ చెరిపేసినవాణ్ణేనండీ. మా పెద్దాయన టీ తెప్పించి పక్కన కూర్చున్నాడు. అందుకే ఇంకా ఈ పనిలో ఉన్నాను."

గళ్ల చొక్కా అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పదకొండూ పన్నెండు నిమిషాలకి," అన్నాడు నేల చూస్తూ.

ఏం నటన. ఒక్క ఉద్యోగం కోసం ఇంత తయారీయా అని ముచ్చటేసింది. కళ్లజోడావిడ తన టీ కప్పు గళ్ల చొక్కా ముందుకి జరిపింది. పొడుగాయన ఏదో అనబోయి, మింగేసి, అతని భుజం తట్టాడు.

ఇంకో నలభై నిమిషాలు ప్రశ్నలే ప్రశ్నలు. లెక్క సరిపోయిందో లేదో ఎలా చూడాలి, చూశాక అసలుదాంట్లోకి ఎలా మార్చాలి. ఉన్నట్టుండి పక్క గదిలో చప్పట్లు, ఈలలు. ఎవరిదో పుట్టినరోజు కాబోలు.

పొడుగాయన లేచి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఉద్యోగం మీదే. రేపే చేరిపోండి."

అతను జేబులోంచి కంపెనీ పంపిన ఇంటర్వ్యూ ఉత్తరం తీశాడు.

"ఇందులో రాతపరీక్ష కూడా ఉందని రాశారండీ. అదెప్పుడు?"

కళ్లజోడావిడ ఉత్తరం అందుకుని తేదీ చూసింది. మళ్లీ చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇది మే ఆరు కాదండీ, జూన్ ఐదు. మేం నెల అంకె ముందు, రోజు అంకె తర్వాత వేస్తాం. మీ ఇంటర్వ్యూ వచ్చే నెలండీ."