దాచిన అంకె

"మూడంకెల సంఖ్య రాసి, దాని అంకెల్నే ఎలాగైనా తారుమారు చేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యక్కా. వచ్చినదాంట్లో ఒక అంకె దాచి మిగతావి చెప్పు. దాచిందేదో నేను చెప్తా," అంది చెల్లి.

నాన్న అప్పుడే మురిసిపోతున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ కిటుకు నాకూ తెలుసు. అంకెలన్నీ కూడితే తొమ్మిదో ఎక్కంలో పడాలి. కాగితం ఎత్తి పట్టుకుని, కావాలనే తొమ్మిదిని దాచి, "నాలుగు, అయిదు" అన్నాను. అవే తొమ్మిదయ్యాయి. ఇక దాచింది సున్నానో తొమ్మిదో ఎలా చెప్తుంది?

చెల్లి నా మొహంలోకి చూసి, "సున్నా" అంది.

"తొమ్మిది!" అని అరిచాను.

నాన్న నా వీపు తట్టాడు. "దీన్నే బోల్తా కొట్టించావే!"

ఆయన లేచి వెళ్ళాక చెల్లి నవ్వింది. "కిటికీ వెలుతురుకి తొమ్మిది తోక ఇవతలికి కనిపిస్తూనే ఉందక్కా."

"మరి సున్నా అన్నావేం?"

"నాన్న నీ వీపు తట్టి ఎన్నాళ్ళయింది?"

ఆ మెచ్చుకోలు కూడా దాని చలవే. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.