చీర కప్పుకున్న మొక్కలు

పొద్దున్నే పెరటి తలుపు తీసిన కేశవరావు అక్కడే నిలబడిపోయాడు.

టమాటా మొక్కల మీద భార్య మీనా చీర కప్పి ఉంది.

నీలం అంచు మంగళగిరి చీర. ఒకసారి ఇస్త్రీ చేయబోయి ఆయనే కాల్చిన మచ్చ కూడా ఉంది.

మీనా పోయి ఆరు నెలలైంది. ఆవిడ చీరలన్నీ ఆయనే పంచిపెట్టేశాడు. ఇంట్లో ఒక్కటీ లేదు.

కేశవరావు మత్తుమందు డాక్టరు. అమెరికాలో, అల్ఫారెట్టాలో సగం ఊరిని నిద్రపుచ్చాడుగానీ, రిటైరయ్యేదాకా పెరట్లో అడుగు పెట్టిన పాపాన పోలేదు. ఈ ఏడు మీనా దాచిన ఆఖరి గింజలన్నీ మొలకెత్తించి, ఉగాది నాడు నాటాడు. మంచి రోజు చూసుకున్నాడుగానీ, ఇక్కడ ఏప్రిల్‌లోనూ మంచు పడుతుందని చూసుకోలేదు.

ఈ మొక్కలు పోతే మీనా టమాటాలు ఇక లేనట్టే.

చీర మడిచి గరాజ్‌లో పెట్టాడు.

మర్నాడు పొద్దున ఇంకో చీర.

భయమేసి శ్రీధర్‌కి ఫోన్ చేశాడు. ఇద్దరూ మెడికల్ కాలేజీ నుంచి స్నేహితులు.

"చెల్లెమ్మ మనసింకా ఆ మొక్కల మీదే ఉందిరా," అన్నాడు శ్రీధర్. "అలా తిరగనివ్వకూడదు. నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు అని నోటితో చెప్పు."

"నాకు కనబడుతుందంటావా?"

"చీరలు కనబడ్డాయిగా."

ఇద్దరూ డాక్టర్లే. ఏం లాభం.

ఆ సాయంత్రం కేశవరావు కర్టెన్ పక్కన నిలబడ్డాడు.

చీకటి పడుతుండగా వచ్చింది. భుజం మీద చీర. ఒక్కో మొక్క దగ్గరా వంగి, ఆకుల్ని తడుముతోంది. మొహం కనబడలేదు.

తలుపు కాస్త తీశాడు.

"మీనా..."

ఆకారం తిరిగి చూసింది.

"ఇంక రాకు మీనా. నేను చూసుకుంటాను. వెళ్ళు." మొక్కల్నీ తన గుండెనీ చూపించి, రెండు చేతులూ జోడించి, తర్వాత కంచె వైపు చెయ్యి చూపించాడు.

ఆవిడ ఒకసారి మొక్కల వైపు చూసింది. కప్పబోయిన చీర మళ్ళీ భుజాన వేసుకుని చీకట్లోకి వెళ్ళిపోయింది.

కేశవరావు తలుపేసుకుని బావురుమన్నాడు. ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

తెల్లారేసరికి గడ్డి అంతా మంచు పట్టి తెల్లగా ఉంది. మొక్కలన్నీ ఉడికిన తోటకూరలా నల్లబడి నేలకు వాలిపోయాయి.

కంచెలో ఒక చెక్క ఊడి ఉంది. దానికి నిన్నటి చీర వేలాడుతోంది. ఆయన దాన్ని తీసుకుని ఆ సందులోంచి అవతలికి వెళ్ళాడు.

పక్కింటి ముందు ఒక తెల్లమ్మాయి ట్రక్కులో అట్టపెట్టెలు సర్దుతోంది.

"ఈ చీర..." అన్నాడు.

"మీ ఆవిడే అమ్మకిచ్చింది. ఏటా చలి రాత్రుల్లో ఇద్దరూ కలిసి మీ మొక్కలకి కప్పేవాళ్ళు. మీకు తెలీదా?"

పాతికేళ్ళుగా పక్కిల్లు. ఆయనకి ఆవిడ పేరు కూడా తెలీదు.

"అమ్మగారేరి?"

"మా ఆయన తెల్లవారుజామునే ఒహాయో తీసుకెళ్ళాడు. మాతో వచ్చి ఉండమని చలికాలం నుంచీ బతిమాలుతున్నాం, రానంది."

"ఎందుకని?"

"మొక్కలు నిలదొక్కుకునేదాకా కదలనని మీ ఆవిడకి మాటిచ్చిందట. నిన్న సాయంత్రం వచ్చి, 'ఆయన చూసుకుంటాడట, ఇక బయల్దేరదాం' అంది."