కరెంటు వెంట ఎంజైము

నంద్యాలలో పొద్దున ఎనిమిదికి కరెంటు పోయి పన్నెండుకు వస్తుంది. ఆళ్లగడ్డలో పన్నెండుకు పోయి నాలుగుకు వస్తుంది. ఈ రెండూళ్ల మధ్య ఒక ఫ్లాస్కు పట్టుకుని బస్సులో తిరగడమే వీరన్న పని. ఇది రెండువేల ఒకటో సంవత్సరం మాట.

వీరన్న నంద్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ అటెండరు. పదకొండేళ్లుగా టెంపరరీ. ఆయన తర్వాత చేరినవాళ్లు పర్మనెంటయ్యారు. ఆయన ఊడ్చిన గదులు కూలిపోయి కొత్తవి లేచాయి. ఆయన మాత్రం ఇంకా టెంపరరీనే.

ఫ్లాస్కులో ఐసుముక్కలు. వాటి మధ్య చిటికెనవేలంత ప్లాస్టిక్ గొట్టం. దాని మీద ‘రీకాంబినెంట్ హ్యూమన్ కైనేజ్’ అని లోపలున్న ఎంజైము పేరు రాసి ఉంది. జువాలజీ లెక్చరర్ కరుణాకర్ తన డాక్టరేటు కోసం ఏడాది పాటు అందరి కాళ్లూ పట్టుకుని దాన్ని విదేశం నుంచి తెప్పించుకున్నాడు. కాలేజీ ఫ్రిజ్ ముసలిది. కరెంటు పోయిన అరగంటకే చెమటలు కక్కుతుంది.

"మనిషి జీన్ తీసి పురుగు కణాల్లో పెట్టి చేసినారప్పా దీన్ని," అన్నాడు కరుణాకర్, గొట్టాన్ని చంటిబిడ్డలా పట్టుకుని. "మన ఒంట్లో ఒక కణం ఇంగో కణానికి కబురెట్ల పంపుతాదో దీంతోనే కనుక్కోవాల. చల్లదనం తగ్గిందంటే చస్తాది. నా డాక్టరేటు అయ్యేదాకా బతికించు. నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాది."

"చస్తే సార్?"

"మర్సటి దినం నుంచి నువ్వు రావాకు."

మొదటి రోజు బయల్దేరేటప్పుడు పెళ్లాం నరసింహమ్మ ఆయన సంచిలో సద్దిమూటతో పాటు అహోబిలం స్వామి తీర్థం సీసా ఒకటి పెట్టింది. సీమలు దాటి వచ్చిన సరుకు, దారిలో ఏ దిష్టీ తగలకూడదని ఆమె భయం. ఆ సీసా ఆ రోజు నుంచి సంచిలోనే ఉండిపోయింది.

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా కమలాక్షమ్మ ఐస్‌క్రీం అంగడి. ఊళ్లో పెద్ద ఫ్రీజరు ఆమెదే.

"ఏందప్పా ఇది?" అంది.

వీరన్న సారు చెప్పిన పాఠం అప్పజెప్పాడు. "మనిషి ఎంజైమక్కా."

"మనిషిదా! కోడిగుడ్డు గూడా తాకనీని పెట్టె ఇది. దీంట్లో మనిషిని పెడ్తావా?"

"మనిషిని కోయలేదక్కా. పురుగుల్లో పెట్టి చేసినారంట."

"థూ! పో అవతలికి!"

వీరన్న తల గోక్కున్నాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "నిజం చెప్తాండా, యాడా అనాకు. ఇది అహోబిలం తీర్థం. మా సారు నలుగుర్లో చెప్పుకోలేడు, సదువుకున్నోడు గదా!"

కమలాక్షమ్మ లెంపలేసుకుంది. కుల్ఫీలన్నీ కిందికి తోసి, గొట్టాన్ని పైఅరలో పసుపుగుడ్డ మీద పెట్టింది.

ఎనిమిది నెలలు అలాగే గడిచింది. బస్సులో వీరన్నకు సీటు ఖాయమైంది. "మనిషి సామాను వచ్చింది, జరగండప్పా," అని కండక్టరే లేపేవాడు. ఏప్రిల్లో ఒకరోజు శిరివెళ్ల దగ్గర బస్సు చెడిపోయి మూడు గంటలు ఎండలో నిలబడింది. కండక్టరు ఐసు కోసం సోడా అంగళ్ల వెంట పరుగెత్తాడు. ఒక ముసలమ్మ తన చెంగు తడిపి ఫ్లాస్కుకు చుట్టింది. అందరికీ గుండెలు దడదడలాడుతుంటే వీరన్న హాయిగా గురక పెట్టాడు.

ఆ సంగతి విని కరుణాకర్ బిక్కచచ్చిపోయాడు. సూదిమొనంత తీసి పరీక్ష చేశాడు. తర్వాత ఎగిరి గంతేశాడు.

"బతికే ఉందప్పా! అంకెలు అదిరిపోయినాయి! నీది రాతిగుండె!"

రావాల్సిన అంకె ముందే నోటుబుక్కులో రాసి పెట్టుకున్న మనిషికి, అంకె రాకుండా ఎక్కడికి పోతుంది?

చివరికి ఆ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు యూనివర్సిటీ నుంచి పెద్ద ప్రొఫెసరు దిగుతున్నాడు. ఆఖరి పరీక్ష ఆయన కళ్ల ముందే జరగాలి. అది గట్టెక్కితే సారుకు డాక్టరేటు, వీరన్నకు పర్మనెంటు. ప్రిన్సిపాలు ఆర్డరు టైపు చేయించి సంతకం కోసం పెట్టుకున్నాడు కూడా.

పన్నెండుకు వీరన్న అంగడికి వెళ్లేసరికి కమలాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆయన చేతిలో గొట్టం పెట్టింది. ఖాళీ గొట్టం.

"తప్పయిపాయ వీరన్నా. పొద్దున్నుంచి కడుపులో ఒకటే మెలి. తట్టుకోలేక స్వామిని తల్చుకోని గుటుక్కున మింగితి. నీళ్లు పోసి పెడదామనుకుంటి గానీ, స్వామి తీర్థమని చెప్పి బోరునీళ్లు ఇస్తే కండ్లు పోవా?"

బయట నంద్యాల బస్సు హారను కొడుతోంది. పదకొండేళ్ల టెంపరరీ బతుకు గిర్రున కళ్ల ముందు తిరగాల్సిన సమయం అది. వీరన్న మాత్రం ఆమెకేసి ఆత్రంగా చూశాడు.

"నొప్పి తగ్గిందా అక్కా?"

"స్వామి తోడు, దెబ్బకు పాయ."

"పోదా మరి!" అని ముసిముసిగా నవ్వుతూ, వీరన్న సంచిలోంచి నరసింహమ్మ ఇచ్చిన సీసా తీసి గొట్టం నిండా తీర్థం పోశాడు, మనిషి సరుకు ఎట్లా ఉంటుందో చూద్దామని మూత తిప్పి, ఉన్నదంతా నంద్యాల బస్టాండులో నేలపాలు చేసిన ఆ మొదటి రోజు పోసినట్టే.