రెండు బ్యాటరీల వ్యాను

“కీ తిప్పితే కిక్కుమనడం లేదు! నా బండిని ఏం చేశావురా?”

పురుగుమందుల కంపెనీ ఆఫీసర్ లక్ష్మీకాంత్ అరుపుకి టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా తిరిగి చూశారు. మెకానిక్ మీరా హుస్సేన్ మాత్రం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నింపాదిగా వచ్చాడు.

అది కంపెనీ ప్రచారం వ్యాను. లోపల మంచం, స్టవ్వు, ఫ్యాను, పైన రెండు మైకులు. పత్తి సీజన్లో లక్ష్మీకాంత్ మకాం అందులోనే. బండికి రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజనుకి, రెండోది మైకులకీ ఫ్యానుకీ. మధ్యలో ఒక స్విచ్చి. బండి ఆగగానే దాన్ని ఆపేస్తే, పాటలు ఎంతసేపు మోగినా ఇంజను బ్యాటరీ దిగదు. ఆ స్విచ్చి పాడైందనే నిన్న సాయంత్రం మీరా హుస్సేన్ చేతికి బండి ఇచ్చారు.

డ్రైవర్ ఇమ్మానియేలు మూత ఎత్తి చూసి తల పట్టుకున్నాడు.

“స్విచ్చి పైకి అలాగే ఉంచి, లోపల రెండు బ్యాటరీలూ డైరెక్టుగా కలిపేశాడు సార్. పొద్దుటి నుంచీ మనం వేసిన పాటలకి రెండూ ఖాళీ!”

లక్ష్మీకాంత్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడే ఎస్టీడీ బూతుకి ఫోనొచ్చింది. పక్క ఊరి రైతు చెంచురామయ్య నలభై మందిని వెంటేసుకుని, ఖాళీ డబ్బాలతో ట్రాక్టరు మీద బయల్దేరాడట. నాలుగుసార్లు కొట్టినా పురుగు చావలేదట. ఎలా చస్తుంది? ఆ డబ్బాల్లో సగానికి పైగా రంగునీళ్ళే. ఆ సంగతి లక్ష్మీకాంత్‌కి మొదటి నుంచీ తెలుసు. బండి వదిలేసి పారిపోదామంటే దాన్నిండా అదే సరుకు. పట్టుబడితే జైలే. ట్రాక్టరు వచ్చేలోగా బండి వినుకొండ దాటాలి.

“పాటలు గట్టిగా రావాలన్నది తమరే కదండీ,” అన్నాడు మీరా హుస్సేన్.

“అంటే ఇంజను బ్యాటరీ కూడా తగలేస్తావా? రెండూ విడిగా ఎందుకు పెడతారో తెలుసా నీకు?”

“తెలుసండి. ఒకటి పోయినా ఇంకోటి మిగలాలని.”

“తెలిసి ఏడ్చావులే! నీ షాపులో బ్యాటరీ పట్రా!”

“ఉందండి. ఛార్జింగే లేదు. పొద్దుట్నుంచీ కరెంటు లేదుగా.”

లక్ష్మీకాంత్ టీ కొట్టు వైపు పరుగెత్తాడు. “కాస్త తొయ్యండయ్యా, స్టార్టవుతుంది!”

పదిమంది ఉన్నారు. ఒక్కడూ లేవలేదు.

“మీ మందు కొట్టండి సార్, అదే కదుల్తుంది!” అన్నాడొకాయన. అందరూ పగలబడి నవ్వారు.

మలుపులో ట్రాక్టరు చప్పుడు వినిపించింది. లక్ష్మీకాంత్ వెనక్కి ఉరికి మీరా హుస్సేన్ కాలరు పట్టుకున్నాడు.

“పని రాకపోతే రాదని చెప్పి ఏడవొచ్చుగా! నడిరోడ్డు మీద నా కొంప ముంచావు కదరా! అసలు నువ్వు మెకానిక్‌వేనా?”

ట్రాక్టరు వ్యానుకి అడ్డంగా ఆగింది. చెంచురామయ్య డబ్బా పట్టుకుని కిందికి దూకాడు. వెనకాలే మిగిలినవాళ్ళు.

మీరా హుస్సేన్ కాలరు విడిపించుకుని, వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాడు.

“నా మూడెకరాల పత్తికీ మీ మందే కొట్టానండి.”