ఆయన పేరు

“మీ భర్త పేరేమిటి?” గ్లెండా మళ్ళీ అడిగింది.

హర్కమాయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమెరికాలోని ఏక్రన్ ఊరి లైబ్రరీలో పౌరసత్వం పాఠాలు చెప్పే మూలబల్ల అది. వందేళ్ళ కిందటి అధ్యక్షుల పేర్లు గడగడా అప్పజెప్పిన మనిషి, ఎదురుకుర్చీలో ఉన్న సొంత మొగుడి పేరు దగ్గర మూగదైపోయింది.

“మొగుడి పేరు చెప్పదు పంతులమ్మా. మొగుడికి పేర్లు పెట్టమనండి, పొద్దుగూకేదాకా పెడుతుంది,” అన్నాడు దేవీచరణ్.

“మీరూరుకోండి,” అంది హర్కమాయ. “పేరు పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుతుంది చెల్లీ. మా అమ్మా పలకలేదు, మా అత్తా పలకలేదు.”

గ్లెండాకి నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. మొదటి ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్నకి హర్కమాయ, బయట కుర్చీలో ఉన్నారు, ఆయన్నే అడగమంది. ప్రశ్న అర్థం కాలేదనుకుని అధికారి ఫెయిల్ చేశాడు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అదీ పోతే దరఖాస్తు మళ్ళీ మొదటికొస్తుంది.

దేవీచరణ్ ఎప్పుడో పాసయ్యాడు. ప్రమాణం చేస్తే చాలు, పౌరుడే. పిలుపు వచ్చినా వాయిదా అడిగాడు. ఎందుకయ్యా అంటే నవ్వాడు.

“భూటాన్ మా ఇద్దర్నీ కలిపే వెళ్ళగొట్టింది. ఇక్కడ లోపలికీ కలిసే వెళ్తాం. దేశమూ లేదు, ఆవేశమూ లేదు. ఆగుతాను పంతులమ్మా.” భార్య వైపు తిరిగాడు. “చెప్పెయ్యవే. ఒకసారి అంటే ఓ పూట తగ్గుతుందేమో. నువ్వు ముల్లంగి వండిన పూట చూసి తగ్గించుకుంటాలే.”

హర్కమాయ తల అడ్డంగా ఊపింది.

ఇంటర్వ్యూ ఆఫీసు గుమ్మంలో తనిఖీ యంత్రం ఊరికే మోగుతుందని, గాజులూ గొలుసులూ ఇంట్లో పెట్టి రమ్మని గ్లెండా జాగ్రత్త చెప్పి పంపింది. తర్వాతి క్లాసులకి ఇద్దరూ రాలేదు. మంచు తెగ కురుస్తోంది కదా అనుకుంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే హర్కమాయ వచ్చింది, దారిలో ఒక్కసారి ప్రశ్నలు అడిగించుకుపోదామని. బయట అల్లుడి కారు ఆగి ఉంది. దేవీచరణ్ అందులోనే కూర్చుని అల్లుణ్ణి నవ్విస్తుంటాడనుకుంది గ్లెండా. హర్కమాయ కోటుకి మెడదాకా బొత్తాలు పెట్టుకుంది. చేతులకి గాజుల్లేవు. చెప్పిన మాట విందని గ్లెండా మురిసిపోయింది.

“మీ భర్త పేరేమిటి?”

“దేవీచరణ్ ధుంగానా.”

తడుముకోకుండా చెప్పింది. గ్లెండా కొట్టిన చప్పట్లకి పేపరు చదువుకునేవాళ్ళు తలలెత్తారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అంతే స్పష్టంగా చెప్పింది.

“పాసైపోయావు దీదీ. ఉండు, మీ ఆయన్ని పిలుస్తాను. చెవులారా వింటాడు.”

లేవబోతున్న గ్లెండా చెయ్యి హర్కమాయ పట్టుకుంది.

“ఇక తగ్గడానికి ఆయనకి ఆయుష్షెక్కడిది చెల్లీ?”