నలభై మిరప బస్తాలు

ఆడిటింగ్ చదివే పుష్యమికి ఆఖరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీలో పడింది. ఆ రోజుల్లో తనిఖీలన్నీ కెమెరాల్లో చూసి యంత్రాలే చేసేవి. విద్యార్థులు ఆ రిపోర్టు కింద సంతకం పెడితే చాలు. నలభై మిరప బస్తాలు కనబడటం లేదనీ, బాధ్యత స్టోర్‌కీపర్ మస్తానమ్మదేననీ యంత్రం అప్పటికే తేల్చింది. సంతకం పడితే ఆమె ఉద్యోగం పోతుంది.

పుష్యమి పెన్ను పక్కన పెట్టి, "ఆ బస్తాలు ఏమయ్యాయండీ?" అని అడిగింది.

మస్తానమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పొద్దుట్నుంచి ఇంతమంది ఆఫీసర్లు వచ్చారు గానీ, ఆ మాట అడిగింది నువ్వేనమ్మా. పైకప్పు కారి తడిసిపోతంటే వెనక రేకుల షెడ్డులో ఆరబెట్టించా. ఆడ కెమెరాలు లేవుగా!"

ఇద్దరూ షెడ్డుకి వెళ్లారు. పుష్యమి తుమ్ముతూ, ఒక్కో బస్తా మీద చెయ్యి వేసి లెక్కపెట్టింది. సరిగ్గా నలభై ఉన్నాయి. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టింది.

యంత్రం రాసింది కొట్టేసి, "స్వయంగా చూశాను" అని రాసి సంతకం చేసింది. దీనికి మార్కులు వేస్తారో లేదో ఆమెకు తెలియదు. అయినా గుండె తేలికపడింది.

మస్తానమ్మ గుమ్మంలో కూలబడి, "అమ్మయ్య! ఇందాకే మా ఆయనకి ఫోన్ చేసి ఉద్యోగం ఊడిందని చెప్పేశా. మళ్లీ చెయ్యాల," అంటూ నవ్వేసింది.